అనామతు

షెపార్టన్‌లో పీచు కోతలు అయిపోయాయి.
క్యానరీ సైరన్ కూడా మానేసిన రాత్రి,
పదకొండింటికి నా డ్యూటీ మొదలు.
తొమ్మిదో గదిలో జుల్ఫియే గారి దిండు ఎత్తితే
మళ్ళీ అదే:
కాగితం రుమాల్లో చుట్టిన సగం రొట్టె,
జామ్ పూసిన వైపు లోపలికి మడిచి.

"చీమలు పడతాయమ్మా" అన్నాను.
"అటక మీద వాళ్ళకి" అంది, పైకి చూడకుండా.
అటక మీద మనుషులుంటే పైకి చూడకూడదు కాబోలు.

ఈ భవనానికి అటక లేదు.
తెల్ల పలకల కప్పు, మధ్యలో పొగ పసిగట్టే డబ్బా,
రాత్రంతా రెప్పలాడించే ఒక ఎర్ర చుక్క.
అది సిపాయి చేతిలో సిగరెట్టని ఆవిడ లెక్క.
"వాడింకా పోలేదు. మెల్లిగా."

ఎనభై తొమ్మిదేళ్ళు.
పళ్ళ తోటల్లో నిచ్చెనలెక్కి నేర్చుకున్న ఇంగ్లీషు
ముందుగా రాలిపోయింది,
తర్వాత మొగుడి పేరు, కొడుకు ముఖం.
మిగిలింది పుట్టింటి అల్బేనియా మాట.
మనవడు గోడకి అంటించిన కాగితం మీద
నాకోసం ముప్ఫై ముక్కలు: నీళ్ళు, నొప్పి, చలి, అటక.
మిగతాదంతా చేతులే చెప్పాలి.
ఒక్క మాట మాత్రం ఆ కాగితంలో లేదు.
దుప్పటి సర్దుతుంటే నా మణికట్టు పట్టుకుని అంది:
"అమానెత్."

చెయ్యి అక్కడే ఆగిపోయింది.
తెనాలిలో దూదేకే మా నాన్న
ఎవరి పత్తి ఎంతో, ఎవరి పరుపు ఎప్పటికో రాసుకునే చిట్టాకి
చివర ఒక పేజీ ఉండేది, అనామతు.
తనది కానిది. తన దగ్గరున్నది.
అడిగినవాళ్ళకి కాదు, ఇచ్చినవాళ్ళకి చేరాల్సింది.
పస్తులున్న ఏడాది కూడా
ఆ పేజీ జోలికి పోలేదాయన.

కథ మనవడు చెప్పాడు,
కారు తాళాలు తిప్పుకుంటూ, సగం సగం.
నలభైమూడు చలికాలం, కొర్చా పైన కొండ ఊరు,
జుల్ఫియే పదహారేళ్ళ కొత్త కోడలు.
బెల్‌గ్రేడ్ నుంచి పారిపోయొచ్చిన యూదు దర్జీనీ, భార్యనీ
అత్తగారు అటకెక్కించింది.
పిల్ల రషేలాకి దగ్గు. దగ్గుని ఏ అటకా దాచదు.
కొత్త కోడలు దాన్ని తన పెళ్ళి బొంతలోకి లాక్కుంది.
పేరు హతీజే అంది. చెల్లెలంది.
పుట్టు మూగ అంది.
ఆరేళ్ళ పిల్ల పదకొండు నెలలు
ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది.

అత్తగారు పోయింది. దర్జీ పోయాడు.
యుద్ధం పోయి డెబ్భై ఏళ్ళు దాటింది.
సిగరెట్టు ఆరలేదు.

ఆదివారం, పగటి డ్యూటీ.
మెల్‌బోర్న్ రైలు దిగి ఒక ముసలావిడ వచ్చింది,
పట్టేసిన మోకాళ్ళు, చేతిలో ద్రాక్ష సంచి.
రిజిస్టర్‌లో బంధుత్వం గడి దగ్గర పెన్ను ఆగింది.
చెల్లెలు, అని రాసింది.

"ఎవరొచ్చారో చూడమ్మా, రషేలా గారు" అన్నాను.
జుల్ఫియే గారి ముఖం తలుపులా మూసుకుంది.
"స్కా." లేరు.
ముసలావిడ ఏదో చెప్పబోయింది.
"స్కా, స్కా." రెండు చేతులూ బార్లా చాపింది,
ఇల్లంతా వెతుక్కోండి అన్నట్టు.

మతిమరుపండీ, ఏమనుకోకండి, అనబోయాను.
ముసలావిడ చెయ్యెత్తి నన్నాపింది.
కర్ర గోడకి ఆనించి
మంచం పక్కన నేల మీద, కూర్చోలేక కూర్చుని,
పెదాలు బిగించి
చెవులు రెండూ చేతులతో మూసుకుంది.

ఎంతసేపో తెలీదు.
బయట గడ్డి కోసే యంత్రం వచ్చింది, పోయింది.

"హతీజే" అంది జుల్ఫియే, విసుగ్గా,
నేల చలి, లెమ్మన్నట్టు.
బొంత అంచు ఎత్తింది.
బొంతేమిటి, మా ఆశ్రమం వాళ్ళ పాలిస్టర్ దుప్పటి,
మా నాన్న చూస్తే ఇందులో దూదేదే అనేవాడు.
డెబ్భై తొమ్మిదేళ్ళ పిల్ల అందులోకి దూరింది,
బూట్లతో సహా.
దిండు కింది రొట్టె బయటికొచ్చింది.
పెద్ద ముక్క మూగపిల్లకి.

ఒక మంచం మీద ఇద్దరుండకూడదని రూలు.
రొట్టె దాచకూడదని రూలు.
నేను తలుపు దగ్గరగా వేసి కారిడార్‌లో నిలబడ్డాను.
సూపర్‌వైజర్ అటుగా వచ్చి
లోపలెవరని అడిగితే
"ఎవరూ లేరు" అన్నాను, పైకి చూడకుండా.

రిజిస్టర్‌లో వెళ్ళిన సమయం గడి
ఇవాళ్టికీ ఖాళీ.